ఇంట్లో పామ్ మొక్కకు కుండీ మార్చేది ఎప్పుడు? జవాబు నీళ్ళ దగ్గరుంది

హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ ఏ అపార్టుమెంటు హాల్లోకి వెళ్ళినా సోఫా పక్కన ఓ అరెకా పామ్ కనిపిస్తుంది. కొన్న ఏడాది నిగనిగలాడుతూ ఉంటుంది. రెండో ఏడు ఆకుల కొసలు ఎండటం మొదలవుతుంది. మూడో ఏడు ఇంట్లో ఎవరో ఒకరు "కుండీ చిన్నదైపోయింది, అందుకే ఇలా అవుతోంది" అని తేల్చేస్తారు. ఆ ఆదివారమే పెద్ద సిరామిక్ కుండీ వస్తుంది. మొక్కను పెరికి, పాత మట్టంతా దులిపి, వేర్లు కడిగి, కొత్త మట్టిలో నాటి, మొదలు కదలకుండా గట్టిగా అదుముతారు. నెల తిరిగేసరికి మధ్యలోని మొవ్వు గోధుమ రంగుకు తిరుగుతుంది. రెండు వేళ్ళతో లాగితే ఊడి చేతికొస్తుంది, కింద కుళ్ళిన వాసన. ఆ కాండం ఇక కోలుకోవడం కష్టం.

ఇలా పోయే మొక్కల్లో చాలావాటికి అసలు కుండీ మార్చాల్సిన అవసరమే ఉండదు. నిజంగా అవసరమైన వాటికేమో మార్చిన తీరు సరిగా ఉండదు. ఈ రెండు పొరపాట్లూ ఒకే చోట పుడుతున్నాయి. కుండీ మార్చడమంటే వేర్లు కాళ్ళు చాపుకోవడానికి చోటివ్వడం అని మన అభిప్రాయం. పామ్‌కు చోటుతో పెద్ద పేచీ లేదు. ఇరుకును బాగానే ఓర్చుకుంటుంది. దాని కష్టమంతా నీళ్ళతోనే: ఇరుకైన కుండీలో నీళ్ళు నిలవవు, మరీ పెద్ద కుండీలో నిలిచి ఆరవు. ఏ నెలలో మార్చాలి, ఎంత కుండీ కొనాలి, ఏ మట్టి కలపాలి అన్న ప్రశ్నలన్నీ ఈ ఒక్క లెక్కతో ముడిపడినవే.

పామ్ వేరు వేరే రకం

మందారను కుండీ మార్చేటప్పుడు కింది వేర్లు కాస్త కత్తిరించినా పర్వాలేదు. పైన కొమ్మలూ కత్తిరిస్తే నెలలో కొత్త చిగుళ్ళు వేస్తుంది. మందార వేరు సన్నగా పుట్టి ఏటా లావవుతుంది, కోసిన చోట పక్కల నుంచి పిలకలు వేస్తుంది. పామ్‌కు ఈ ఏర్పాటు లేదు. అది వరి, వెదురు, అరటిలాగా ఏకదళబీజ మొక్క. తల్లివేరు ఉండదు. కాండం మొదట్లోంచి పీచులాంటి వేర్లు వరసగా పుట్టుకొస్తాయి. గాలివానకు కూలిన కొబ్బరిచెట్టు మొదట్లో కనిపించే వేర్ల గుబురును గుర్తు తెచ్చుకుంటే చాలు, కుండీలో ఉన్నదీ అదే, చిన్న రూపంలో. ఒక్కో వేరూ ఎంత లావు పుట్టిందో జీవితమంతా దాదాపు అంతే లావు ఉంటుంది.

అలాంటి వేరును నరికితే ఏమవుతుందన్నది జాతిని బట్టి ఉంటుంది. 1980లలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు కొన్ని పామ్ జాతుల వేర్లు నరికి, తర్వాత తవ్వి చూశారు. కొబ్బరిలో నరికిన వేర్లలో దాదాపు సగం కొత్త కొసలు వేసుకుని బతికాయి. అమెరికా ఆగ్నేయ తీరంలో పెరిగే సబల్ పామెట్టోలో మాత్రం దాదాపు అన్నీ మొదటిదాకా చచ్చిపోయాయి. ఆ చెట్టు మళ్ళీ కాండం అడుగు నుంచి కొత్త వేర్లు పుట్టించుకోవాల్సిందే, దానికి నెలలు పడుతుంది. మన హాల్లో ఉన్న మొక్క ఏ కోవలోదో తెలియనప్పుడు వేర్ల జోలికి పోకపోవడమే మంచిది.

పైభాగమూ అంతే. ప్రతి కాండానికీ ఒకే ఒక్క మొవ్వు. అది పోతే పక్క నుంచి చిగురు రాదు. కాబట్టి గులాబీని కత్తిరించి బతికించినట్టు పామ్‌ను బతికించలేం. దానికి పైనా కిందా మరో అవకాశం లేదు.

ఇదే నిర్మాణంలో ఒక మేలు కూడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మామిడి మొక్క కుండీలో ఎక్కువకాలం ఉండి వేర్లు చుట్టుకుపోతే ఆ చుట్లు తర్వాత ప్రమాదమవుతాయి. కాండం లావెక్కేకొద్దీ చుట్టుకున్న వేరు ఉరితాడులా బిగుస్తుంది. పామ్ కాండం అలా ఏటేటా లావెక్కదు, వేరూ లావెక్కదు. వేర్లు ఎన్ని చుట్లు తిరిగినా మెడ బిగిసే భయం లేదు. అంటే కుండీ అంచున వేర్లు చుట్టుకుని కనిపించడం పామ్‌లో జబ్బు కాదు. దాన్ని చూసి కంగారుగా కత్తెర తీసుకోవాల్సిన పని లేదు.

ఆకు కొసలను నమ్మొద్దు

ఎండిన ఆకు కొసలే కుండీ మార్పుకు అన్నిటికన్నా ఎక్కువగా కారణమవుతున్నాయి. అన్నిటికన్నా తప్పుదారి పట్టించేవీ అవే. అరెకా పామ్ సొంతూరు మడగాస్కర్ తూర్పు తీరం, వానలూ తేమా ఎక్కువుండే చోటు. పేరు అరెకా అయినా అసలైన అరెకా మన వక్కచెట్టు. ఇది దాని దూరపు చుట్టం మాత్రమే, శాస్త్రీయ నామం క్రైసాలిడోకార్పస్ లుటెసెన్స్. డిప్సిస్ అనే పేరుతోనూ చాలాకాలం చలామణీ అయ్యింది. తేమ గాలికి అలవాటు పడిన ఈ మొక్కను ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెడితే కొసలు ఎండకుండా ఎలా ఉంటాయి?

రెండో కారణం నీళ్ళలోని ఉప్పులు. బోరు నీళ్ళు పోసే ఇళ్ళలో కుండీ అంచుకు తెల్లగా సున్నంలా పేరుకున్న పొర కనిపిస్తుంది. ఆర్వో మెషిన్ నుంచి వచ్చే వ్యర్థ జలాన్ని పారబోయడం ఎందుకని మొక్కలకు పోసే ఇళ్ళు చాలానే ఉన్నాయి. నీటిని వృథా చేయకూడదన్న ఆలోచన మంచిదే. కానీ ఆ నీళ్ళలో బోరు నీళ్ళకన్నా చిక్కగా ఉప్పులుంటాయి, ఆకు కొసల దగ్గర అవే పేరుకుని మాడ్చేస్తాయి. ఫ్లోరైడ్‌ను కూడా అరెకా తట్టుకోలేదు. నల్లగొండ లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో బోరు నీళ్ళతో పెంచితే కొసలు మాడటానికి కుండీ సైజుతో సంబంధమే లేదు. అక్కడ చేయాల్సింది కుండీ మార్చడం కాదు, నీళ్ళు మార్చడం. మేడ మీద పట్టిన వాన నీళ్ళు వారానికోసారైనా పోసి, కుండీకి రెండింతల నీళ్ళు కింది చిల్లుల్లోంచి ధారగా పోయేదాకా కడిగితే మట్టిలో పేరుకున్న ఉప్పు చాలావరకు దిగిపోతుంది.

అడుగు మట్ట పసుపెక్కి ఎండటం కూడా భయపడాల్సిన సంగతి కాదు. పైన కొత్తది విచ్చుకుంటే కింద పాతది రాలడం సహజమే. ఒకేసారి మూడు నాలుగు మట్టలు పసుపెక్కితేనే ఆలోచించాలి. కొత్త ఆకే పసుపుగా వచ్చి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము అందని లక్షణం. ఇనుము మట్టిలో లేక కన్నా, వేర్లు దెబ్బతినో, మొదలు మరీ లోతుగా పూడిపోయో, మట్టి ఎప్పుడూ చిత్తడిగా ఉండో అందని సందర్భాలే ఎక్కువ.

మొదట్లో మట్టి పైన పొడుచుకొచ్చిన మొటిమల్లాంటి వేరు మొలకలను చూసి "వేర్లు బయటికి వచ్చేశాయి" అని హడలిపోతుంటారు. అరెకాలో అది మామూలే.

చెంబుతో కొలిచే పరీక్ష

అయితే నిజంగా కుండీ మార్చాల్సిన మొక్కను ఎలా గుర్తుపట్టాలి? ఆకులను వదిలేసి నీళ్ళను గమనించాలి. పది అంగుళాల కుండీకి లీటరు చెంబుతో నిదానంగా నీళ్ళు పోసి కింద పళ్ళెం పెట్టండి. పోసిన నీళ్ళలో ముప్పాతిక వంతు నిమిషంలోపే పళ్ళెంలోకి దిగితే, లోపల నీళ్ళు పట్టుకునే మట్టి మిగల్లేదన్నమాట. వేర్లు పెరిగి పెరిగి మట్టి చోటును ఆక్రమించాయి. నిరుడు ఇదే రోజుల్లో ఐదు రోజులకోసారి అడిగిన నీళ్ళు ఈ ఏడు రెండు రోజులకే అడుగుతుంటే అది ఇంకా బలమైన సాక్ష్యం.

ఇక్కడ ఒక చిక్కుంది. కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ఎక్కువున్న మట్టి పూర్తిగా ఎండిపోతే ముడుచుకుని కుండీ గోడ నుంచి విడిపోతుంది. పోసిన నీళ్ళు ఆ సందులోంచి కిందికి జారిపోతాయి, మధ్యలో ముద్ద మాత్రం ఎండుగానే ఉంటుంది. చూడ్డానికి అచ్చం వేర్లు నిండిన కుండీలాగే ఉంటుంది. అందుకే తీర్పు చెప్పేముందు కుండీని ఒక బకెట్ నీళ్ళలో అరగంట నానబెట్టి, బుడగలు రావడం ఆగాక తీసి, వారం తర్వాత మళ్ళీ చెంబు పరీక్ష చేయాలి. అప్పుడు నీళ్ళు నిలిస్తే కుండీ బాగానే ఉన్నట్టు. మీ మొక్కకు దాహం తీరక అలా ఉంది, అంతే.

ఇక అనుమానం లేని గుర్తులు కొన్ని ఉన్నాయి. చిల్లుల్లోంచి వేర్లు బయటికి వచ్చి పళ్ళెంలో చుట్టుకోవడం, ప్లాస్టిక్ కుండీ పొట్ట ఉబ్బడం లేదా చీలడం, వేర్లు అడుగున తోసి తోసి మొక్క మొత్తం అంగుళం రెండంగుళాలు పైకి లేచి నీళ్ళు పోయడానికి చోటు లేకపోవడం. ఇవి కనిపిస్తే మార్చాల్సిందే. బాగా పెరిగే అరెకాకు ఈ స్థితి రావడానికి సాధారణంగా రెండు మూడేళ్ళు పడుతుంది. కెంటియా లాంటి నిదానపు జాతికి ఇంకా ఎక్కువ.

దీనికి పూర్తిగా భిన్నమైన సందర్భం ఒకటుంది. మట్టి తడిగా ఉన్నా మొక్క వాడిపోతోంది, మొదట్లో పుల్లటి వాసన వస్తోంది అంటే వేర్లు కుళ్ళుతున్నాయి. నీళ్ళు తాగే వేర్లే లేవు కాబట్టి వాడుతోంది. ఇలాంటి మొక్కను పెద్ద కుండీలోకి మార్చడం దాన్ని చంపడమే. దీనికి నెలా ముహూర్తమూ చూడకుండా వెంటనే తీసి, మెత్తబడిన నల్లటి వేర్లు మాత్రం కోసేసి, ఉన్న కుండీలోనే లేదా ఇంకా చిన్న కుండీలో నాటాలి. కుళ్ళిన వేరును గుర్తుపట్టడం తేలిక. రెండు వేళ్ళ మధ్య పట్టి లాగితే పై తొక్క జారి చేతికొస్తుంది, లోపల దారంలాంటి పోగు మిగులుతుంది. మంచి వేరు గట్టిగా ఉంటుంది, లాగితే రాదు.

రెండంగుళాలే ఎందుకు

నర్సరీవాళ్ళు ఒక సైజు పెద్దది చాలంటారు, మనం నాలుగేళ్ళు మళ్ళీ చూడక్కర్లేకుండా మూడు సైజులు పెద్దది కొంటాం. పిల్లల బట్టలకు పనికొచ్చే ఈ పద్ధతి పామ్‌కు పనికిరాదు. లెక్క వేస్తే ఎందుకో తెలుస్తుంది. పది అంగుళాల కుండీకీ అదే ఆకారంలో ఉన్న పన్నెండు అంగుళాల కుండీకీ తేడా రెండంగుళాలే అనిపిస్తుంది గానీ, పన్నెండు అంగుళాల దాంట్లో దాదాపు ముప్పాతిక వంతు ఎక్కువ మట్టి పడుతుంది. పద్నాలుగు అంగుళాలదైతే రెండున్నర రెట్లు దాటుతుంది. పద్దెనిమిది అంగుళాల డ్రాయింగ్ రూమ్ కుండీలో ఏకంగా దాదాపు ఆరు రెట్ల మట్టి. వేర్లు మాత్రం అవే. వేర్లు లేని ఆ మట్టిలో పోసిన నీళ్ళను తాగేవాళ్ళు లేరు. హాల్లో ఎండ లేదు, గాలి తక్కువ. ఆ తడి వారాల తరబడి అలాగే ఉంటుంది, గాలి ఆడక వేర్లు ఊపిరాడక కుళ్ళుతాయి. అందుకే పాత కుండీకన్నా రెండంగుళాలు వెడల్పు, దానికి తగ్గ లోతు ఉంటే సరిపోతుంది. లోతు విషయంలో వెడల్పాటి తొట్టికన్నా నిలువుగా ఉన్న కుండీ పామ్‌కు నయం. సిరామిక్ కుండీ అందంగా ఉందని మనసు పడితే, ప్లాస్టిక్ కుండీలో నాటి దాన్ని సిరామిక్ దాంట్లో దించి పెట్టుకోవచ్చు, అడుగున చేరిన నీళ్ళు పారబోస్తూ ఉంటే చాలు.

అడుగున గులకరాళ్ళు, ఇటుక ముక్కలు వేస్తే నీళ్ళు బాగా దిగుతాయన్న నమ్మకం మన ఇళ్ళలో గట్టిగా ఉంది. ఇది నిజం కాదు, పైగా నష్టం. గిన్నెలు తోమే స్పాంజిని నీళ్ళలో ముంచి అడ్డంగా పట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పండి, మళ్ళీ నీళ్ళు కారతాయి. ఏ మట్టిలోనైనా అడుగున కొంత మందం మేర నీళ్ళు ఇలాగే పట్టుకుని ఉంటాయి, ఎత్తు పెరిగేకొద్దీ ఆ తడి పొర వేర్లకు దూరంగా కిందికి పోతుంది. అడుగున మూడంగుళాల రాళ్ళు పరిస్తే ఆ తడి పొర రాళ్ళలోకి దిగదు. సన్నటి మట్టి నుంచి పెద్ద సందులున్న రాళ్ళలోకి నీరు తేలిగ్గా దూకదు కాబట్టి రాళ్ళ పైనే ఆగుతుంది. అంటే మూడంగుళాలు పైకి, సరిగ్గా వేర్ల దగ్గరికి తెచ్చిపెట్టినట్టు. చిల్లు మీద ఒక పెంకు ముక్కో, దోమతెర ముక్కో పెట్టండి, మట్టి కారిపోకుండా అంతే చాలు.

కవరులోని బంకమట్టి

మన ప్రాంతానికే ప్రత్యేకమైన సమస్య ఒకటుంది, ఇంగ్లీషు తోటపని పుస్తకాల్లో దీనికి జవాబు దొరకదు. రాజమహేంద్రవరం దగ్గర కడియం, కడియపులంక నర్సరీల నుంచి రెండు రాష్ట్రాలకూ ఇతర రాష్ట్రాలకూ లారీల్లో మొక్కలు వెళ్తాయి. ఈ దూర ప్రయాణాల్లో ముద్ద విడిపోకూడదు కాబట్టి నల్ల పాలిథిన్ కవర్లలో వచ్చే చాలా మొక్కల మొదట్లో జిగురు మట్టి గట్టిగా ఉంటుంది. లారీకి అది మంచిదే. హాల్లో కుండీకి మాత్రం కాదు.

వేర్ల ముద్దను కదపొద్దన్న సూత్రాన్ని ఇక్కడ అక్షరాలా పాటిస్తే ఏమవుతుందో చూడండి. బంకమట్టి ముద్ద మధ్యలో, చుట్టూ గుల్లగా ఉన్న కోకోపీట్ మట్టి. పోసిన నీళ్ళు గుల్ల మట్టిలోంచి జారిపోతాయి, ముద్ద ఎండిపోయి రాయిలా అవుతుంది. లేదంటే ఒకసారి తడిసిన ముద్ద వారాల పాటు ఆరదు. మొక్క ఒకే కుండీలో ఉన్నా వేర్లు రెండు వేర్వేరు వాతావరణాల్లో ఉన్నట్టు. ఏడాది తర్వాత పెరికి చూస్తే వేర్లన్నీ ఆ పాత ముద్దలోనే ఉండి, కొత్త మట్టి వేసింది వేసినట్టే ఉండటం దీనివల్లే.

మధ్యేమార్గం ఇది. ముద్దను తొట్టిలో గంటసేపు నానబెట్టాలి. అంచుల్లో, భుజాల దగ్గర మెత్తబడి తనంతట తాను రాలే మట్టిని వేళ్ళతో నెమ్మదిగా తీయాలి. మందంలో మూడో వంతుకు మించి పోవద్దు, మధ్య ముద్దను ముట్టుకోవద్దు. పైపుతో కడగొద్దు. కొత్త మట్టి మరీ గుల్లగా కాకుండా, పాత ముద్దకు దగ్గరి స్వభావంలో ఉండేలా కలపాలి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, రెండు పాళ్ళు కడిగిన కోకోపీట్, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా మాగిన వర్మికంపోస్టు మన ఇళ్ళకు సరిపోయే మిశ్రమం. కోకోపీట్‌ను కడగమనడం ఎందుకంటే కొన్ని దిమ్మల్లో ఉప్పు ఎక్కువ ఉంటుంది, రెండు సార్లు మంచినీళ్ళలో నానబెట్టి పిండితే పోతుంది. పిడికెడు వేపపిండి కలిపితే మంచిదే. పచ్చి పశువుల ఎరువు మాత్రం వద్దు.

కొత్తగా కొన్న మొక్కను ఇంటికి తెచ్చిన రోజే మార్చే తొందర కూడా పనికిరాదు. షేడ్ నెట్ కింద తేమలో పెరిగిన మొక్కకు మీ హాలు కొత్త ప్రపంచం. రెండు మూడు వారాలు ఆ కవరుతోనే నీడలో ఉంచి, కొత్త వెలుతురుకు అలవాటు పడ్డాక మార్చాలి.

మృగశిర తర్వాత

చల్లటి దేశాల కోసం రాసిన పుస్తకాలు వసంతంలో మార్చమంటాయి. మనకు వసంతం అంటే ఉగాది, ఉగాది వెనకాలే ఎండలు. రోహిణి కార్తెలో కుండీ మార్చిన పామ్ పరిస్థితి ఊహించుకోండి. కింద వేర్లు కదిలి నీళ్ళు లాగలేని స్థితిలో ఉంటాయి, పైన వడగాలికి ఆకులు నీళ్ళు పోగొట్టుకుంటూనే ఉంటాయి. మనకు సరైన కాలం మృగశిర కార్తె దాటి నాలుగు చినుకులు పడ్డాక మొదలై ఆగస్టు చివరి దాకా. మట్టి వెచ్చగా ఉంటుంది, పామ్ వేర్లు వెచ్చటి మట్టిలోనే చురుగ్గా పెరుగుతాయి. గాలిలో తేమ ఉంటుంది కాబట్టి ఆకుల మీద ఒత్తిడి తగ్గుతుంది. ఆ అదను తప్పితే ఫిబ్రవరిలో ఓ మూడు వారాలు దొరుకుతాయి. ధనుర్మాసపు చలిలో వేర్లు కదలవు, అప్పుడు మార్చినా తడి మట్టిలో ఊరికే కూర్చుంటాయి. అమెరికాలో చలి ప్రాంతాల్లో ఉన్న తెలుగువాళ్ళకు ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ హీటర్లు ఆగిన తర్వాత, మే జూన్‌లలో చేసుకోవాలి.

మార్చేటప్పుడు

ముందురోజు సాయంత్రం నీళ్ళు పోసి ఉంచాలి. తడిసిన వేరు వంగుతుంది, ఎండిన వేరు విరుగుతుంది. కుండీని గోనెసంచి మీద పడుకోబెట్టి, చుట్టూ అరచేత్తో తట్టి, ప్లాస్టిక్‌దైతే దొర్లిస్తూ నొక్కి వదులు చేయాలి. మొక్కను మొదట్లో పట్టుకుని గుంజడం అన్నిటికన్నా చెడ్డ పని. కాండం నుంచి వేర్లు పుట్టే చోటే తెగుతుంది. రాకపోతే కుండీనే కోయాలి, కుండీ ఖరీదు మొక్క ఖరీదు కన్నా ఎప్పుడూ తక్కువే. చిల్లుల్లోంచి వచ్చిన వేర్లు అడ్డుపడుతుంటే చిల్లు చుట్టూ ప్లాస్టిక్‌ను కత్తిరించి వేర్లను కాపాడొచ్చు.

ముద్ద బయటికి వచ్చాక ఒక్క నిమిషం దాన్ని చూడటానికి కేటాయించండి. లేత గోధుమ రంగు వేర్లు గోడ వెంట బుట్ట అల్లినట్టు తిరిగి ఉంటాయి, వాటి కొసలు తెల్లగా ఉంటాయి. ఆ తెల్ల కొసలే నీళ్ళు తాగేవి. అడుగున చాపలా అల్లుకున్న వేర్లను వేళ్ళతో కొంచెం కిందికి వదులు చేస్తే చాలు. దువ్వడం, కత్తిరించడం, కడగడం ఏవీ అవసరం లేదు.

కొత్త కుండీ అడుగున మట్టి పోసి, ముద్దను పెట్టి ఎత్తు చూసుకోవాలి. మొదలు పాత కుండీలో ఎంత ఎత్తులో ఉందో ఇక్కడా అంతే ఎత్తులో ఉండాలి, కుండీ అంచుకు అంగుళం కిందుగా. మొక్క ఊగుతోందని రెండంగుళాలు లోతుగా పూడ్చడం మనవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు. కొత్త వేర్లు పుట్టే భాగం గాలి అందని లోతుకు పోతుంది. మొక్క వెంటనే చావదు, ఏడాది రెండేళ్ళు నెమ్మదిగా నీరసించిపోతుంది. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. ఊగుతుంటే రెండు కర్రలు పాతి మెత్తటి గుడ్డపేలికతో కట్టాలి. పక్కల్లో మట్టి నింపుతూ సన్నటి పుల్లతో కూరాలి, పిడికిలితో దంచకూడదు. తర్వాత నీళ్ళు చిల్లుల్లోంచి వచ్చేదాకా పోసి, మట్టి కుంగిన చోట ఇంకాస్త వేయాలి.

పనిలో పనిగా ఒక్క మొక్కను రెండు చేద్దామన్న ఆశ చాలామందికి పుడుతుంది. నర్సరీ కుండీలో కనిపించే గుబురు సాధారణంగా ఒకే చోట కలిపి నాటిన పదీ పదిహేను మొలకలు, వాటి వేర్లు జడలా అల్లుకుని ఉంటాయి. విడదీస్తే రెండువైపులా వేర్లు చిరుగుతాయి. అరెకాలో ఒక పక్క బతికి ఒక పక్క పోవడం మామూలు. పార్లర్ పామ్‌గా అమ్మే ఛామెడోరియాలో ఒక్కో కాండమూ ఒంటరి మొక్కే కాబట్టి విడదీయడంలో లాభమే లేదు. నేలలో దుంపకాండంతో పక్కకు పాకే రాపిస్ ఒక్కటే ఇందుకు అనువైనది, ప్రతి పిలకకూ సొంత వేర్లుంటాయి. మన జీలుగు చెట్టుకు చుట్టమైన ఫిష్‌టెయిల్‌ను కూడా గుబురుగానే ఉంచాలి. సైకస్‌ను కూడా సాగో పామ్ అని అమ్ముతారు గానీ అది అసలు పామే కాదు, ఈ లెక్కలేవీ దానికి వర్తించవు.

మొక్క ఆరడుగులు దాటి, కుండీని ఇద్దరు కలిసి కూడా ఎత్తలేనంత అయితే మార్చడం మానేయడమే మేలు. ఏటా తొలకరిలో పైన రెండంగుళాల మట్టి వేర్లు తెగకుండా గీరి తీసి, ఆ మేరకే కొత్త మట్టీ వర్మికంపోస్టూ వేస్తే అదే కుండీలో చాలా ఏళ్ళు ఉంటుంది. నీళ్ళు మాత్రం తరచూ పోస్తూ ఉండాలి.

మార్చిన తర్వాత మూడు వారాలు ఎండ నేరుగా తగలని వెలుతురులో, ఏసీకీ ఫ్యానుకూ దూరంగా ఉంచాలి. పై అంగుళం మట్టి వేలికి పొడిగా తగిలితేనే మళ్ళీ నీళ్ళు. అడుగు మట్ట ఒకటి పసుపెక్కడం మామూలే, పూర్తిగా ఎండేదాకా కోయొద్దు. అందులోని పోషకాలను మొక్క వెనక్కి తీసుకుంటుంది. మందులు, టానిక్కులు, యూరియా ఏవీ వద్దు. తాగలేని వేరుకు ఎరువు పోస్తే అది ఉప్పు పోసినట్టే.

మొక్క కుదురుకుందో లేదో తెలుసుకోవడానికి చిన్న ఉపాయం ఉంది. విచ్చుకోని మొవ్వు, దాని పక్కనున్న మట్ట తొడిమె ఆనుకున్న చోట రెండిటి మీదుగా మార్కర్‌తో ఒకే అడ్డగీత గీయండి. మట్ట మీద గీత అక్కడే ఉంటుంది, మొవ్వు ఎదిగితే దాని మీది గీత పైకి జరుగుతుంది. మొదటి రెండు మూడు వారాలు రెండు గీతలూ ఒకే వరసలో ఉంటే కంగారు పడక్కర్లేదు, మొక్క కింద వేర్ల పనిలో ఉంది. తర్వాత ఒకరోజు పైగీత వేలి మందం లేచి కనిపిస్తుంది. ఎరువు గురించి ఆలోచించాల్సింది అది లేచిన నెల తర్వాత.